ఇసుక కరగాలె

మొవ్వు పట్టి గుంజితే
అలవోకగ చేతిలకు ఊడొచ్చింది.
ముక్కు కాడ పెట్టుకున్న. అదే కంపు.
బోధన్ అవతల మా నాయిన కౌలుమడిల
పన్నెండేండ్లప్పుడు పీల్చిన కంపు.
పీకపురుగు.
సముద్రం దాటినా దాని వాసన మారలే.

సలాలాల తుంపర పడుతున్నది, ఖరీఫ్ కాలం.
రోడ్డు పొంటి కొబ్బరిబోండాలు,
చెరుకురసం మిషన్ల గరగర.
దుబాయి కెల్లి కార్లేసుకొని
వానను చూడనొచ్చినోళ్లు
గిలాసలు పట్టుకొని ఫోటోలు దిగుతరు.
ఆ గిలాసలకు పోయే గడ మా అర్బాబ్ ముసల్లం తోటది.
ఇప్పుడు నరికితే కణుపు కణుపుకు ఎర్రటి సొరంగం.
కొట్లోళ్లు బండిని తిప్పి పంపుతున్నరు.

సూడాన్ మనిషి మొతసిమ్ ఒచ్చి
గడను నిలువున చీల్చి శానాసేపు చూసిండు.
మందు కొట్టుమనలే.
"దీని తోలు మెత్తగున్నది, సిలికా పెట్టు" అన్నడు.
నాకు నవ్వొచ్చింది.
సిలికా అంటే ఇసుకే గద సార్,
గుట్ట దాటితే కంటి చూపు ఆనినంత అదేనాయె,
ఎన్ని లారీలు తెమ్మంటవు?
ఆయన నవ్వలే.
ఆ ఇసుక చెరుకుకు పనికిరాదన్నడు. కరగదు.
వేరు తాగుతది గని నమలదు.
కరిగే తీరుది వేరే ఉంటదట,
సోహార్ ఉక్కు కొలిమిల మిగిలిన చిట్టెం పొడిల.

సోహార్ పేరు ఇనంగనే
నా గొంతుల లింబాద్రి దగ్గిండు.

ఆడి డాకుల ఓడల తుప్పు లేపే పని మా ఇద్దరిది.
పైపుల కెల్లి ఇసుక కొడితే
ఇనుము వెండి లెక్క తేలేది.
నేను పది నెలలకు పని మారిన.
వాడు తొమ్మిదేండ్లు కొట్టిండు.
మొఖానికి చుట్టిన తువ్వాల పొద్దుమీకి దులిపితే
పిండిగిర్ని గుర్తొచ్చేది.
ఎక్స్‌రే చూసిన మలబారు నర్సు
మాట మింగి, నీళ్లు తాగమన్నదట.
కరగని ఇసుక.
వాని ఊపిరితిత్తి గూడ గట్టిపడ్డది,
ఏ పురుగును ఆపనీకెనో.

నలభై బస్తాలు దిగినయి. బూడిద రంగు, సన్నటి పొడి.
బారిసాల్ పిల్లగాడు షొఫికుల్ కత్తి తీసి
మూతి కొయ్యబోతుంటే చెయ్యి పట్టిన.
మాస్కులొచ్చినంక, అన్న.
ఎరువే గద భాయ్, అన్నడు.
అర్బాబ్ గడియారం చూసుకున్నడు, నన్ను చూసిండు.
నాకొచ్చిన అరబ్బీ ఆరు మాటల్ల అయిదు ఖర్చుపెట్టి
బస్తా మీద కూసున్న.
ఆ దినం పని సాగలే.
తెల్లారి డబ్బా మాస్కులొచ్చినయి, జీతంల కోసుకుంటనన్నడు,
కోసుకున్నడు గూడ.

సాళ్ల పొంటి చల్లి నీళ్లిడిసినం.
రెండు నెలలకు ఆకు అంచు పదునెక్కింది.
పొడుగు చేతుల అంగీ లేకుంటే మోచేతుల దాకా గీతలే.
గడ మీద గోరు నొక్కితే దిగుతలేదు.
రాత్రి టార్చి పట్టుకొని పోయిన.
గుడ్డు పగిలి ఒచ్చిన పిల్లపురుగు, దారప్పోగంత,
ఆకుతొడిమె కింద కొరుకుతున్నది, జరుగుతున్నది,
మళ్ల కొరుకుతున్నది.
దానికి పండ్లు అరుగుతయని మొతసిమ్ అన్నడు.
నాకు కనపడలే గని
శానాసేపు నిలబడ్డ.

పురుగు పోయిందని నేను చెప్ప.
పోయినేడు నూటికి పంతొమ్మిది మొవ్వులు చచ్చినయి,
ఈసారి ఏడు. లెక్క రాసి పెట్టిన.

లింబాద్రికి వాయిస్ పెట్టిన:
ఇసుక తాగి చెరుకు బతికిందిరా.
పంపినంక బుగులయింది,
గా మాట వానికి చెప్పేదేనా అని.
తెల్లారినంక జవాబొచ్చింది.
ముందుగాల దగ్గు, నడుమ నవ్వు, మళ్ల దగ్గు.
"తియ్యగనే ఉన్నదా మరి?"

ఒక గడ ఇరిసి, తోలు పండ్లతోని ఒలిసి, నమిలిన.
తియ్యగనే ఉన్నదిరా.
జెర దవడ నొస్తది.